కోడి కంపెనీది, గాలి రైతుది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బాయిలర్ షెడ్డు వేసుకున్న కాంట్రాక్టు రైతుకు కంపెనీ ఇచ్చేవి మూడు: ఒక్క రోజు వయసు పిల్ల, మేత, మందులు. రైతు పెట్టేవాటి జాబితా ఇంకా పొడుగు. స్థలం, షెడ్డు, బోరు, కరెంటు బిల్లు, ఊక, పిల్లల్ని వెచ్చగా ఉంచే బ్రూడింగుకు బొగ్గో గ్యాసో, వీటన్నిటి మీదా ఇంటిల్లిపాది చాకిరీ. కోడి మాత్రం ఏ ఒక్క రోజూ అతనిది కాదు. దించినప్పుడు కంపెనీది, ఎత్తేటప్పుడూ కంపెనీదే. మధ్యలో నలభై రోజులు దాన్ని బతికించి, బరువు తెప్పించినందుకు కిలోకు ఇంత అని పెంపకం ఛార్జీ చేతికి వస్తుంది.

ఈ మనిషి తన పనికి తానే యజమానా, సొంత పెరట్లో కూలి చేస్తున్నాడా? ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదిది. షెడ్డులో నిర్ణయాలు రెండు రకాలుగా జరుగుతాయి. కొన్ని కోడి ఒంట్లో ఏం జరుగుతోందో చూసి గంట గంటకూ తీసుకోవాల్సినవి. అవి రైతువే, దూరాన ఉన్నవాళ్లు తీసుకోలేరు. ఇంకొన్ని కాగితం మీద జరిగిపోతాయి, వాటిలో రైతు మాటకు చోటే లేదు. చిక్కంతా ఎక్కడంటే, రెండో రకం నిర్ణయాల మంచిచెడ్డలు కూడా రైతు పనితనం కిందే జమ పడతాయి. అదెలాగో తెలియాలంటే పిల్ల దిగిన రోజు నుంచి చూసుకుంటూ రావాలి.

పుట్టిన పిల్ల 40 గ్రాములుంటుంది, కొంచెం అటూ ఇటూగా. కడుపులో పచ్చసొన ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి మేతా నీళ్లూ లేకుండా రెండు రోజుల ప్రయాణం తట్టుకోగలదు. హేచరీ నుంచి పెట్టెల్లో పెట్టి వందల కిలోమీటర్లు పంపగలుగుతున్నది ఆ సొన పుణ్యమే. దానికి లేనిదల్లా ఒంటి వేడిని తనంతట తాను నిలబెట్టుకునే శక్తి. ఈకలు రాలేదు, ఉన్నది నూగు మాత్రమే. మొదటి వారం పది రోజులు చుట్టూ ఉన్న గాలిని బట్టే దాని ఒళ్లు వేడెక్కుతుంది, చల్లబడుతుంది. అందుకే మొదటి వారం బ్రూడర్ కింద 32 నుంచి 34 డిగ్రీలు ఉంచి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రమ్మంటారు. పుస్తకంలో ఉన్నదీ ఇదే, కంపెనీ సూపర్‌వైజర్ చెప్పేదీ ఇదే.

షెడ్డులోకి వెళ్లాక పుస్తకం సరిపోదు. థర్మామీటర్ కన్నా ముందు పిల్లల్ని చూడాలి. బ్రూడర్ కింద ఒకదాని మీద ఒకటి కుప్పపడి కీచుమంటుంటే చలి వేస్తోంది. చుట్టూ కట్టిన రేకు అంచుకు పోయి రెక్కలు జారవిడిచి నోళ్లు తెరిచాయంటే వేడెక్కువైంది. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోంది. సమంగా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని కునుకుతూ ఉంటే అంతా బాగున్నట్టు. చాలా షెడ్లలో ఈ చూపు ఇంటి ఆడవాళ్లది. ఇల్లాలు ఒక పిల్లను తీసుకుని దాని కాళ్లు తన చెంపకు ఆనించుకుంటుంది. పైన గాలి వేడిగానే ఉన్నా కాళ్లు చల్లగా తగిలాయంటే కింద ఊక ఇంకా వేడెక్కలేదు. మర్నాడు గొంతు కింద ఉండే తిండి సంచిని రెండు వేళ్లతో తడుముతుంది. మెత్తగా నిండుగా ఉంటే మేతా నీళ్లూ రెండూ అందాయి. గట్టిగా గుళికలు తగిలితే తిన్నది గానీ నీళ్లు దొరకలేదు. ఖాళీగా ఉంటే ఆ పిల్లకు డ్రింకర్ ఎక్కడుందో ఇంకా తెలియలేదు. దించిన 24 గంటలకు నూటికి 95 పిల్లలకు ఆ సంచి నిండి ఉండాలన్నది లెక్క.

ఈ తొందరకు కారణముంది. తొలి వారంలో పిల్ల పేగులు మిగతా ఒంటి కంటే వేగంగా పెరుగుతాయి. మేత కడుపులో పడితేనే ఆ ఎదుగుదల. ఏడో రోజుకు పిల్ల దిగిన బరువుకు నాలుగు రెట్లు దాటి, 160 నుంచి 180 గ్రాములకు రావాలి. అక్కడ పడ్డ లోటును తర్వాత ఎంత మేత పోసినా పూర్తిగా పూడ్చలేం. పుష్యమాసం తెల్లవారుజామున మూడింటికి కుంపటిలో బొగ్గు వేశారా లేదా అన్నది ముప్పై అయిదో రోజు కాటా మీద కనిపిస్తుంది.

కంపెనీ ఇవ్వనిదీ ఇవ్వలేనిదీ ఇంకొకటుంది, గాలి.

కోడి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. ఊక తడిస్తే అందులోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు దాటితే కోడి కళ్లు మండుతాయి, ఊపిరి గొట్టంలో దుమ్మునూ క్రిములనూ బయటికి ఊడ్చే సన్నని నూగు దెబ్బతింటుంది. ఆ తర్వాత గురక, దగ్గు, దాని వెనకే మందుల ఖర్చు. చలి రాత్రి పరదాలు దించితే వేడి నిలుస్తుంది, అమ్మోనియా కూడా నిలుస్తుంది. పరదాలు ఎత్తితే గాలి శుభ్రపడుతుంది, పిల్లలకు చలి పడుతుంది. పైనుంచి ఒక జానెడు వదిలి కింద కప్పాలా, పడమటి వైపు ఎత్తి తూర్పు వైపు దించాలా, ఎంతసేపు అన్నది ఆ రాత్రి గాలిని బట్టి, కోడి వయసును బట్టి, ఊక తడిని బట్టి మారుతుంది. దీనికి ముక్కు ఒక్కటే నమ్మకమైన పరికరం కాదు. గంటల తరబడి షెడ్డులో ఉన్నవాడి ముక్కు అమ్మోనియాకు అలవాటు పడిపోయి వాసన పట్టడం మానేస్తుంది. అందుకే తెలివైన రైతు ఒకసారి బయటికి వెళ్లి, పది నిమిషాలు ఆగి, మళ్లీ లోపలికి వచ్చి చూస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని కోడి ముక్కు ఉన్న ఎత్తులో గాలి పీల్చి చూస్తాడు, ఎందుకంటే నిలబడ్డ మనిషికి తెలియని ఘాటు అక్కడ ఉంటుంది.

తీరానికి దగ్గరగా బోరు వేసుకున్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. సముద్రం దగ్గరయ్యే కొద్దీ భూగర్భజలంలో ఉప్పు కలిసే అవకాశం ఎక్కువ. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే కోడి ఎక్కువ తాగుతుంది, రెట్ట పలచబడుతుంది, ఊక తడుస్తుంది, అమ్మోనియా లేస్తుంది. రైతు రోజూ ఊక తిరగేసి సున్నం చల్లుతూనే ఉంటాడు, ఊక మాత్రం ఆరదు. ఇలాంటి చోట చేయాల్సింది ఊకకు వైద్యం కాదు, బోరు నీటికి పరీక్ష. షెడ్డు కట్టకముందే చేయించుకోవాల్సిన పరీక్ష అది.

ఇక ఎండాకాలం. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు దాటి ఉంటుంది. మూడు వారాలు దాటిన బాయిలర్‌కు 20 నుంచి 24 డిగ్రీల మధ్య హాయి, 30 దాటితే ఇబ్బంది మొదలు. రెండు కిలోల కోడి ఊరికే కూర్చున్నా పది వాట్లకు తగ్గకుండా వేడి వదులుతుంది. అంటే 5,000 కోళ్లున్న షెడ్డులో, బయటి ఎండను పక్కన పెట్టినా, పది వాట్ల బల్బులు అయిదు వేలు వెలుగుతున్నట్టే. ఆ వేడి పోవడానికి దానికి ఉన్న దారి నోరు తెరిచి రొప్పడం. గొంతులో తడి ఆవిరైతే ఒక్కో గ్రాముకు దాదాపు 580 కేలరీల వేడి బయటికి పోతుంది. మామూలుగా నిమిషానికి పాతిక సార్లు పీల్చే కోడి అప్పుడు 200 సార్లు దాటి పీలుస్తుంది.

కోస్తాలో ఉక్క ఈ దారికి అడ్డం పడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే గొంతులోని తడి ఆవిరి కాదు. తెలంగాణలో 41 డిగ్రీల పొడి ఎండ కంటే ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు, కవిటి వైపు 36 డిగ్రీల ఉక్క కోడికి ప్రమాదం కావచ్చు. రొప్పి రొప్పి ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా వదిలేయడంతో రక్తం క్షారగుణానికి తిరుగుతుంది, లవణాల పొందిక చెడుతుంది. నీళ్లలో వంటసోడా, ఎలక్ట్రోలైట్లు, విటమిన్ సి కలిపేది అందుకే. షెడ్డు కప్పు మీద కొబ్బరాకులు పరిచి నీళ్లు చల్లడం మంచిదే. లోపల మాత్రం ఆలోచించకుండా నీళ్లు చల్లితే ఉన్న ఉక్కకు ఇంకాస్త ఉక్క తోడవుతుంది. గాలి ఆడుతుంటేనే ఆ చల్లడం పని చేస్తుంది. ఫ్యాన్లు తిరగని మధ్యాహ్నం అదే నీరు కోడిని చంపగలదు.

అలాంటి రోజుల్లో రైతు చేతిలో ఉన్న పెద్ద సాధనం మేత ఎత్తేయడం. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, తిన్న నాలుగైదు గంటలకు అది బాగా పెరుగుతుంది. పొద్దున పదింటికి తిన్న మేత మధ్యాహ్నం రెండింటికి, సరిగ్గా ఎండ ముదిరినప్పుడు, లోపలి నుంచి కాలుస్తుంది. అందుకని ఫీడర్లు పొద్దునే పైకి కట్టేసి, చల్లబడ్డాక దించి, రాత్రంతా లైటు వేసి మేపుతారు. ఎత్తితే ఆ పూట బరువు తగ్గుతుంది, ఎత్తకపోతే కోళ్లు పోతాయి. ఏ రోజు ఎత్తాలి, ఎన్నింటికి ఎత్తాలి అన్నదానికి ఫోనులో వచ్చే వాతావరణ సూచన సాయం చేస్తుంది గానీ, ఆ షెడ్డు పక్కన జీడితోట గాలిని ఆపుతోందా లేదా అన్నది దానికి తెలియదు. రైతుకు తెలుసు.

ఇంత నేర్పున్న మనిషి, ఇంత స్వతంత్రంగా ఆలోచించే మనిషి, లెక్క దగ్గరికి వచ్చేసరికి ఏమవుతాడో చూడండి.

కాంట్రాక్టు కోళ్లలో అన్నిటికీ మూలం ఎఫ్‌సీఆర్. కిలో కోడికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క. ఉదాహరణకు 5,000 పిల్లలు దించారు, 4 శాతం పోయాయి, 4,800 కోళ్లు రెండేసి కిలోల చొప్పున 9,600 కిలోలు తూగాయి అనుకుందాం. ఎఫ్‌సీఆర్ 1.6 అయితే పట్టిన మేత 15,360 కిలోలు. అదే 1.7 అయితే 16,320. తేడా 960 కిలోలు, 50 కిలోల బస్తాలు పంతొమ్మిది. కంపెనీ పుస్తకంలో మేత ధర కిలో 40 రూపాయలని వేసుకుంటే 38,400 రూపాయలు. కిలో కోడి మీద ఉత్పత్తి ఖర్చు 4 రూపాయలు పెరిగింది. ఉత్పత్తి ఖర్చు అనుకున్నదానికంటే తగ్గితే ప్రోత్సాహకం, పెరిగితే కోత అన్నది మన దేశంలో చాలా ఒప్పందాల పద్ధతి. పెరిగిన నాలుగు రూపాయల్లో ఎంత భాగం రైతు మీద పడుతుందన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. పెంపకం ఛార్జీ మొత్తమే కిలోకు కొద్ది రూపాయలు అయినప్పుడు, అందులో సగం కోత పడినా ఆ నలభై రోజుల చాకిరీకి మిగిలేది కరెంటు బిల్లే.

పాయింట్ ఒకటి తేడా ఎక్కడి నుంచి వస్తుంది? పరదా సరిగ్గా ఎత్తకపోయినా వస్తుంది, ఒప్పుకోవాల్సిందే. డ్రింకర్ కారి ఊక తడిసినా, ఎలుకలు బస్తాలు కొట్టినా వస్తుంది. కానీ రైతు చేయి పడని చోట్ల నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది. గుడ్లు పెట్టడం అప్పుడే మొదలెట్టిన తల్లికోళ్ల గుడ్లు చిన్నవి, వాటి పిల్లలూ చిన్నవి. మొదటి వారంలో అవే ఎక్కువ పోతాయి. ఏ మందకు పుట్టిన పిల్ల ఏ షెడ్డుకు వెళ్లాలన్నది హేచరీ నిర్ణయం. మేతలో మాంసకృత్తులు ఎంత, మొక్కజొన్నకు బూజు పట్టిందా అన్నది మిల్లు నిర్ణయం. బూజు విషం ఉన్న మేత తిన్న కోడి కాలేయం దెబ్బతిని, తిన్నా పెరగదు.

వీటన్నిటి కంటే నాకు అన్యాయంగా తోచేది ఎత్తే తేదీ. కోడి పెద్దదయ్యే కొద్దీ తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఉన్న ఒళ్లు నిలబెట్టుకోవడానికే పోతుంది, కొత్త బరువుగా మారేది తగ్గుతుంది. 35 రోజులకు 3.2 కిలోల మేత తిని రెండు కిలోలైన కోడి ఎఫ్‌సీఆర్ 1.6. మార్కెట్టు పడిపోయిందనో లారీ దొరకలేదనో ఎత్తడం అయిదు రోజులు వెనక్కి పోయిందనుకుందాం. ఆ అయిదు రోజుల్లో రోజుకు 190 గ్రాములు తిని 90 గ్రాములు పెరిగినా, కోడి 2.45 కిలోలు, మేత 4.15 కిలోలు. ఎఫ్‌సీఆర్ 1.69. రైతు ఆ అయిదు రోజులూ ఏ తప్పూ చేయలేదు. పైగా ఎక్కువ పని చేశాడు. తూకం పెరిగింది కదా, దానికి డబ్బు వస్తుంది కదా అనొచ్చు, నిజమే. కానీ పెద్ద కోడి వేడికి తట్టుకోలేదు. చివరి వారంలో పోయిన ఒక్కో కోడి మూడు నాలుగు కిలోల మేత తినేసి, కాటా మీద సున్నా చూపిస్తుంది. కొన్ని ఒప్పందాల్లో బరువును బట్టి ఎఫ్‌సీఆర్‌ను సవరించి లెక్కకట్టే పద్ధతి ఉంది. సంతకం పెట్టే ముందు వెతకాల్సిన మొదటి వాక్యం అదే.

ఈ ఏర్పాటు ఎక్కడ పుట్టింది? అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని గెయిన్స్‌విల్‌లో 1930లలో జెస్సీ జ్యువెల్ అనే మేత వ్యాపారి, చేతిలో డబ్బు లేని రైతులకు పిల్లల్నీ మేతనూ అప్పుగా ఇచ్చి, పెరిగిన కోళ్లను తానే కొనుక్కోవడంతో అక్కడ వేళ్లూనుకుంది. మన వైపు 1990ల మొదట్లో తమిళనాడులోని ఉడుమలైపేటలో సుగుణ సంస్థ కొద్దిమంది రైతులతో మొదలుపెట్టి విస్తరించింది. దానికి ముందు తెలుగు నేల మీద కోళ్ల కథ వేరే దారిలో నడిచింది. 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన డాక్టర్ బి.వి. రావు, గుడ్ల ధరను వ్యాపారులు ఆడిస్తున్నారని 1982లో రైతులను కూడగట్టి నెక్ (నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ) పెట్టించారు. నా గుడ్డు, నా ధర, నా బతుకు అన్నది అప్పటి నినాదం. గుడ్ల రైతుకు కోడి తనది, గుడ్డు తనది, నష్టం వస్తే అదీ తనదే. బాయిలర్ కాంట్రాక్టులో ఆ నినాదంలోని మొదటి రెండు మాటలూ చెల్లవు.

అలాగని కాంట్రాక్టు లేని రోజులు బంగారమని చెప్పలేను. సొంతంగా బాయిలర్లు పెంచి, ఎత్తే వారానికి ధర సగానికి పడిపోయి, మేత అప్పు కింద పొలం అమ్ముకున్న కుటుంబాలు కోస్తాలో ఉన్నాయి. భరత్ రామస్వామి, ప్రతాప్ సింగ్ బిర్తాల్, పి.కె. జోషి ఆంధ్రప్రదేశ్ కోళ్ల రైతులను అధ్యయనం చేసి 2006లో ప్రచురించిన పత్రం ఈ విషయాన్ని నిజాయితీగా తూచింది. కాంట్రాక్టు పెంపకం సొంత పెంపకం కంటే సమర్థంగా ఉందని తేలింది. ఆ సమర్థత వల్ల వచ్చిన మిగులులో ఎక్కువ భాగం కంపెనీయే తీసుకుందని కూడా తేలింది. అయినా రైతులు లాభపడ్డారు, ఎందుకంటే ధరల ఎగుడుదిగుళ్ల ముప్పు వాళ్ల నెత్తి నుంచి దిగిపోయింది. కాంట్రాక్టులో చేరినవాళ్లు విడిగా పెట్టుకుని ఉంటే అంతగా రాణించగల స్థితిలో లేనివాళ్లనీ, కాంట్రాక్టు వల్లే సొంత రైతులతో సమానమైన ఆదాయానికి చేరారనీ ఆ పత్రం చెప్పింది.

ఉద్దానంలో ఈ మాట విలువ ఎక్కువ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాసకు దగ్గరలో తీరం దాటిన తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో కొబ్బరినీ జీడినీ కూకటివేళ్లతో పడగొట్టింది. అంటు జీడిమొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు, పొడవు రకం కొబ్బరికి ఆరేడేళ్లు. కోడి నలభై రోజుల్లో డబ్బిస్తుంది. జీడి రైతు తన రోజుకు తానే రాజు, ఏ పూట తోటకు వెళ్లాలో అతని ఇష్టం. పిక్కల బస్తా ధర మాత్రం అతని చేతిలో లేదు. కాంట్రాక్టు కోళ్ల రైతుకు ధర భయం లేదు, పూటంతా కోడి చెప్పినట్టు వినాలి. ఒకే ఇంట్లో అన్నకు తోట, తమ్ముడికి షెడ్డు ఉంటే, ఎవరు ఎక్కువ స్వతంత్రులని ఇద్దరూ వాదించుకోగలరు.

కానీ ధర ముప్పు దిగిందన్నంత మాత్రాన ముప్పంతా దిగినట్టు కాదు. బ్యాచ్‌కు 45 రోజులు, మధ్యలో కడిగి ఆరబెట్టుకోవడానికి 15 రోజులు వేసుకుంటే ఏడాదికి ఆరు బ్యాచ్‌లు. కంపెనీ పిల్లలు దించడం నెల ఆలస్యం చేస్తూ పోతే నాలుగే. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చికెన్ తినేవాళ్లు వెనక్కి తగ్గారు, రోగం లేని జిల్లాల్లోనూ ధర పడిపోయింది. అలాంటప్పుడు కంపెనీ కిలో ఛార్జీ తగ్గించకపోయినా, పిల్లల్ని దించకుండా ఆగితే చాలు. షెడ్డు అప్పు వాయిదాకు ఆగడం తెలియదు. సంవత్సరానికి ఇన్ని బ్యాచ్‌లు దించుతామన్న హామీ ఒప్పందంలో లేకపోతే, ధర ముప్పు వేషం మార్చుకుని ఖాళీ షెడ్డుగా తిరిగి వచ్చినట్టే.

రోగం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి, అక్కడి ఊళ్లవాళ్లు వాటిని కంటికి రెప్పలా చూసుకుంటారు. బర్డ్ ఫ్లూ వైరస్‌కు ప్రకృతిలో అసలు నిలయం నీటిపక్షులే, ముఖ్యంగా అడవి బాతుల జాతి. కాబట్టి చెరువు నీరు షెడ్డుకు పెట్టొద్దు, పక్షులు దూరకుండా జాలీ బిగించు అని రైతుకు చెబుతారు, సరైన సలహానే. కానీ షెడ్డు నుంచి షెడ్డుకు రోగాన్ని మోసేవాటిలో చక్రాలకూ చెప్పులకూ పెద్ద వాటా ఉంది. మేత లారీ, కోళ్లు ఎత్తే ముఠా, వాళ్ల బోనులు, రోజుకు పలు ఫారాలు తిరిగే సూపర్‌వైజర్. కొక్కెర తెగులు కూడా ఆ దారినే ప్రయాణిస్తుంది. చుట్టాన్ని గేటు దగ్గరే ఆపగలిగిన రైతు, ఆ లారీని ఆపి చక్రాలకు మందు కొట్టమని అడగగలగాలి. అడిగే హక్కు కాగితంలో ఉంటే అది రోగనిరోధం, లేకపోతే అది తగవు.

మొదట వేసుకున్న ప్రశ్నకు తిరిగి వస్తే, పనిలో స్వేచ్ఛ ఒంటికి ఏం చేస్తుందో కొలిచినవాళ్లున్నారు. 1979లో అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ ఒక నమూనా ప్రతిపాదించాడు: మనిషిని నలిపేది పని బరువు ఒక్కటే కాదు, బరువు ఎక్కువై దాని మీద అదుపు తక్కువైనప్పుడే ఎక్కువ నలుగుతాడు. లండన్‌లో 1985లో 10,308 మంది ప్రభుత్వోద్యోగులతో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనం, పని మీద అదుపు తక్కువున్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు ఎక్కువని 1997లో చూపించింది. కోళ్ల రైతుకు పనికొచ్చే సంగతి కరాసెక్ నమూనా లోపల ఉంది. అదుపును ఆయన రెండు పాళ్లుగా చూశాడు. ఒకటి నేర్పు వాడుకునే వీలు, రెండోది నిర్ణయించే అధికారం. మామూలుగా ఉద్యోగాల్లో రెండూ కలిసే పెరుగుతాయి. బాయిలర్ షెడ్డులో విడిపోయాయి. పిల్ల కాళ్లు చెంపకు ఆనించి ఊక చల్లదనం చెప్పగలిగే మనిషికి మొదటి పాలు నిండుగా ఉంది, రెండోది ఖాళీ. ఉద్దానం రైతుల మీద ఆ కొలబద్ద పెట్టి చూసిన అధ్యయనం నా కంట పడలేదు, కిడ్నీ జబ్బుతో ఇంత నలిగిన నేల మీద పనివాళ్ల ఆరోగ్యాన్ని పరిశీలించేవాళ్లు కోళ్ల షెడ్లను కూడా కలుపుకోవాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.

స్వేచ్ఛకు రైతు వెల కట్టుకుంటాడా అని అడిగిన అర్థశాస్త్రవేత్త నైజెల్ కీ. అమెరికాలో పందుల పెంపకందార్ల మీద 2005లో ప్రచురించిన పరిశోధనలో, సొంతంగా చేసుకుంటున్న రైతును కాంట్రాక్టులోకి రప్పించాలంటే ముప్పు తగ్గించడం ఒక్కటే చాలదనీ, పోగొట్టుకునే స్వతంత్రానికి అదనంగా చెప్పుకోదగ్గ మొత్తం ఇవ్వాల్సి ఉంటుందనీ తేల్చాడు. కీ, జేమ్స్ మెక్‌డొనాల్డ్ కలిసి బాయిలర్ రైతుల సర్వే మీద చేసిన ఇంకో లెక్క మరింత సూటిగా ఉంటుంది. చుట్టుపక్కల ఒకే కంపెనీ ఉన్నచోట రైతుకు ముట్టేది, నాలుగు అంతకంటే ఎక్కువ కంపెనీలున్న చోటి కంటే 7, 8 శాతం తక్కువ. కోడి అదే, చాకిరీ అదే. మండలానికి ఎన్ని కంపెనీల మేత లారీలు వస్తున్నాయన్నది కూడా రైతు స్వేచ్ఛలో భాగమేనన్నమాట.

చట్టం విషయం క్లుప్తంగానే చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఉన్నది తక్కువ. కేంద్రం 2018లో రాష్ట్రాలకు పంపిన నమూనా కాంట్రాక్టు సేద్యం చట్టంలో పశుసంపదనూ చేర్చింది. 2020లో తెచ్చిన కాంట్రాక్టు సేద్యం చట్టం కోళ్ల పెంపకానికీ వర్తించేది, మిగతా రెండు సాగు చట్టాలతో పాటు 2021లో రద్దయింది. అమెరికాలో ఎప్పటి నుంచో ఉన్న 1921 నాటి చట్టం కింద, పెంపకందారుకు కంపెనీ ముందుగా వివరాలు వెల్లడించాలన్న నిబంధనలు 2024 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాయి. పిల్లలు దించినప్పుడు అవి ఎలాంటివో, లెక్క తేల్చినప్పుడు ఎవరికి ఎలాంటివి వెళ్లాయో చెప్పాలన్నది వాటి సారం. అక్కడ కూడా ఇంతకాలం పట్టింది.

చట్టం ఆదుకోకపోయినా, పలాస రైతులకు కూడబలుక్కోవడం కొత్త కాదు. అఖిల భారత కిసాన్ సభ మహాసభ 1940లో జరిగింది పలాసలోనే. అదే ఏడాది మందస జమీందారీ మీద పోరాటంలో గున్నమ్మ అనే రైతు మహిళ పోలీసు కాల్పులకు బలైంది. కోళ్ల రైతు మాత్రం విడివిడిగా, ఒక్కో షెడ్డు దగ్గర ఒక్కో సంతకం పెడుతున్నాడు. పక్క ఊరి షెడ్డుకు ఈసారి ఏ బరువు పిల్ల వచ్చింది, ఎన్ని రోజులకు ఎత్తారు, ఎఫ్‌సీఆర్ ఎంత వేశారు అన్న మూడు అంకెలు పది మంది కలిసి ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే, తన తప్పేదో తనది కానిదేదో ఆ పదిమందికీ కనిపిస్తుంది.

ఆ పుస్తకం మొదటి పేజీ పిల్లలు దిగిన రోజుదే కావాలి. వ్యాన్ ఇంకా గేటు దగ్గర ఉండగానే, వేర్వేరు పెట్టెల నుంచి వంద పిల్లల్ని తూచి సగటు బరువు రాసి, సూపర్‌వైజర్‌తో సంతకం చేయించుకోవాలి. మేత దిగిన ప్రతిసారీ పదింట ఒక బస్తా కాటా మీద పెట్టాలి, తయారీ తేదీ రాసుకోవాలి. ప్రతి బస్తా నుంచి గుప్పెడు తీసి సంచిలో కట్టి, బ్యాచ్ లెక్క తేలేదాకా పొడిచోట దాచాలి, రేపు కోళ్లు పెరగలేదన్న తగవు వస్తే పశుసంవర్ధక శాఖ ద్వారా ప్రయోగశాలకు పంపడానికి చేతిలో నమూనా ఉంటుంది. ఎత్తుతామన్న తేదీని ఫోనులో మాటగా వదిలేయకుండా మెసేజీగా తెప్పించుకోవాలి. ఆ తేదీ దాటాక తిన్న మేతను, పోయిన కోళ్లను వేరే వరుసలో రాయాలి. వచ్చే బ్యాచ్ ఒప్పందం మాట్లాడేటప్పుడు అడగాల్సింది ఆ వరుస ఎవరి ఖాతాలో పడుతుందని.